మొక్కను వంచడం మానేద్దాం

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్లలో అరుదు. చిన్నప్పుడే వంచెయ్యాలని అందరూ చెప్తారు. ఎందుకు వంచాలో, ఎవరి ముందు వంచాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేనడిగేది ఆ ప్రశ్నే.

మూడేళ్ల పిల్లకి మన ఇళ్లలో దొరికే మొదటి మెప్పు "బంగారుతల్లి, చెప్పిన మాట వింటుంది" అన్నది. ఆ మాట వినడంలో ఏమేమున్నాయో చూద్దాం. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదు. చెప్పకుండా గడప దాటకూడదు. ఇష్టం లేకపోయినా ఇంటికొచ్చిన బంధువు ఒళ్లో కూర్చోవాలి, ముద్దు పెట్టమంటే పెట్టాలి. తమ్ముడు కొడితే "పోనీలే, మగపిల్లాడు" అని సర్దుకోవాలి. వినకపోతే వీపు మీద దెబ్బ. ఆ తర్వాత "నీ మంచికే కొట్టాను" అన్న ఓదార్పు.

దీని పక్కన ఇంకో జాబితా పెట్టి చూడండి. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏ కారణాలకు భర్త భార్యను కొట్టడం న్యాయమో చెప్పమని స్త్రీలను అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఎదురు వాదించడం, వంట సరిగ్గా చెయ్యకపోవడం, పడకకి ఒప్పుకోకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటివి ఆ కారణాలు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి దాదాపు 84 మంది స్త్రీలు ఏదో ఒక కారణానికి న్యాయమేనన్నారు.

ఈ జవాబు పెళ్లయ్యాక పుట్టిందని నేను నమ్మను. ప్రేమించేవాళ్లకి కొట్టే హక్కుంటుందని చిన్ననాడే నేర్పాం. "నీ మంచికే" అన్న మాట అమ్మానాన్నల నోట విన్న పిల్లకి మొగుడి నోట అది కొత్తగా వినిపించదు. బలమున్నవాడు కొట్టవచ్చన్న పాఠం మగపిల్లాడూ ఆ ఇంట్లోనే నేర్చుకుంటాడు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో సగం మందికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు గురయ్యామని చెప్పారు. హింసించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లో, వాళ్లు నమ్మినవాళ్లో. 2012లో పోక్సో చట్టం వచ్చింది. మన సంస్థలు బడులకు వెళ్లి "గుడ్ టచ్, బ్యాడ్ టచ్" నేర్పుతున్నాయి. బడిలో గంటసేపు "వద్దు" అని అరవమని నేర్పి, ఇంట్లో రోజంతా "వద్దు" అన్నందుకు నోటిమీద కొడితే, ఆ పిల్లకి ఏ పాఠం గుర్తుంటుంది?

తల్లులను ముద్దాయిలను చెయ్యడం నా ఉద్దేశం కాదు. పిల్ల అల్లరి చేస్తే "ఇదేనా నీ పెంపకం" అన్న మాట పడేది తల్లే. మొగుడి కోపానికీ అత్తగారి దెప్పుళ్లకీ భయపడి ఆమె పిల్లని వంచుతుంది. పెత్తనం మెట్టుమెట్టుగా దిగి, అందరికంటే చిన్న వీపు మీద పడుతుంది.

"మరి పిల్ల నిప్పు ముట్టుకుంటే ఊరుకోవాలా?" అంటారు. ఊరుకోవద్దు. చెయ్యి పట్టుకుని ఆపాలి, ఎందుకో చెప్పాలి. అది రక్షణ. ఎందుకని అడిగిన పిల్లకి "నేను చెప్పాను కనక" అనడం పెత్తనం. ఈ రెంటినీ కలిపి క్రమశిక్షణ అని పేరు పెట్టడమే మోసం.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. ఇంటికి అలాంటి నిషేధం లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోరి సంరక్షకులు సదుద్దేశంతో చేసే పనులకు 1860 నాటి శిక్షాస్మృతి ఇచ్చిన రక్షణ, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 27వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ఇంట్లో కొట్టడాన్ని కూడా స్వీడన్ 1979లోనే నిషేధించింది, మన పొరుగునున్న నేపాల్ 2018లో నిషేధించింది.

నాలుగు గోడల మధ్య జరిగేది సొంత వ్యవహారం కాదని పోరాడి 2005లో గృహహింస చట్టం సాధించుకున్నవాళ్లం మనం. పిల్లల దగ్గరికొచ్చేసరికి "నా బిడ్డ, నా ఇష్టం" అంటూ ఆ గోడల వెనకే దాక్కోవడం ఏం న్యాయం? ఇంట్లో దెబ్బలను నిషేధించే చట్టం కావాలని మన సంఘాలు అడగాలి. చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. ఇంటికొచ్చిన చుట్టానికి ముద్దు పెట్టనని పిల్ల అంటే, "దానికి ఇష్టం లేదండీ" అని ఆ చుట్టంతో మనమే చెప్పాలి.