ఒప్పందం లేని పొత్తు

రాజధానిలో సాంస్కృతిక ఒప్పందాలకు కొదవ లేదు. జపాన్‌తో మన ఒప్పందం 1957లోనే అమలులోకి వచ్చింది. కాని జపాన్ బొమ్మల చిత్రాలైన యానిమేకూ, అమెరికా నల్లజాతి యువకుల హిప్‌హాప్‌కూ కుదిరిన పొత్తు ఏ మంత్రి సంతకం వల్లనూ ఏర్పడినది కాదు.

హిప్‌హాప్ 1973లో న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ ప్రాంతంలో పేదల మధ్య పుట్టింది. 2004లో దర్శకుడు షినిచిరో వతనబే ‘సమురాయ్ చాంప్లూ’ యానిమే ధారావాహికలో ఆ బాణీలను ఖడ్గవీరుల కథకు జోడించాడు. 2007లో ‘ఆఫ్రో సమురాయ్’కు అమెరికా ర్యాప్ కళాకారుడు రిజ్జా సంగీతం కూర్చాడు. 2021లో నల్లజాతి దర్శకుడు లెషాన్ థామస్, పదహారవ శతాబ్దపు జపాన్ ప్రభువు నోబునాగా కొలువులోని ఆఫ్రికన్ యోధుని కథను ‘యాసుకే’గా మలిచాడు. ఒకరిచ్చినది మరొకరు పుచ్చుకున్నారు. ఎవరి పేరూ చెరిగిపోలేదు. గమనించవలసినది ఇదే.

మన నగరాల యువకులు ర్యాప్ పాడి, యానిమే చూస్తే, ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని పెద్దలు హెచ్చరిస్తున్నారు. 1992లో జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్‌మోహన్ తదితరులతో కలిసి రామాయణాన్ని యానిమేగా తీసినప్పుడు ఎరువిచ్చినది మనమే కదా! ఎరువు తెచ్చుకోవడం తప్పు కాదు. ఇచ్చినవారిని మరవడమే తప్పు. నేర్పినవారి పేరు చెప్పుకుంటున్నారా అన్నదొక్కటే మన యువకులను అడగవలసిన ప్రశ్న.