సాంపిల్ మనది, పేపర్ మీద పేరు ఎవరిది?



సైన్స్ అంటే ఇష్టమున్న మన పిల్లలు ఈ మధ్య ఒక మాట ఎక్కువగా అంటున్నారు. "అన్నా, పెద్ద కాలేజీలో సీటు రావాలంటే ముందే రీసెర్చ్ చేసుండాలంట కదా. మా కాలేజీ ల్యాబ్‌లో టెస్ట్‌ట్యూబులే సరిగ్గా లేవు." ఈ మాట ఫోన్లో చూసే వీడియోల నుంచి వచ్చింది. సిటీలో అమెరికా కాలేజీలకి అప్లై చేసే పిల్లలు ప్రొఫెసర్ల దగ్గర ప్రాజెక్టులు చేస్తారు. డబ్బులు కట్టి మరీ పేపర్ వేయించుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడి కాలేజీలు మార్కులతో పాటు వ్యాసాలు, బడి బయట చేసిన పని కూడా చూస్తాయి కాబట్టి వాళ్ల తిప్పలు వాళ్లవి. ఆ లెక్కతో మనల్ని మనం కొలుచుకుని ఆగిపోవడం ఎందుకు?

మన దేశంలో సైన్స్ పరిశోధన కోసమే పెట్టిన ఐసర్‌లు ఏడు ఉన్నాయి. ఒకటి తిరుపతిలోనే, 2015లో మొదలైంది. ఇంటర్ అవ్వగానే ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. చేరేటప్పుడు నువ్వు ఏం రీసెర్చ్ చేశావని ఎవరూ అడగరు. ఐఏటీ అని ఒక పరీక్ష ఉంటుంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15. ఎస్టీలకి 7.5 శాతం సీట్లు. బైపీసీ వాళ్లు కూడా రాయొచ్చు, కాకపోతే మ్యాథ్స్ ప్రశ్నలు వాళ్లకీ ఉంటాయి, ఇప్పట్నుంచే కొంచెం కొంచెం చూసుకోవాలి. భువనేశ్వర్‌లోని నైసర్‌కి నెస్ట్ అని ఇంకో పరీక్ష ఉంది.

అంటే మనల్ని ఆపుతున్నది ల్యాబ్ కాదు. పరీక్ష ఒకటుందని చెప్పేవాళ్లు లేరు. ఇంటర్ పరీక్షల హడావిడిలోనే ఫారాలు వచ్చి వెళ్లిపోతాయి. కుల సర్టిఫికెట్ కేంద్రం ఫార్మాట్‌లో కావాలని చివర్లో తెలుస్తుంది, అప్పుడు రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలు. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు. ఇంట్లో తెలుగు కూడా మాట్లాడని పిల్లలకి అది మూడో భాషో, నాలుగో భాషో. "మెరిట్ లేదు" అనేవాళ్లు ఇదంతా లెక్కలో వేసుకోరు.

మరి రీసెర్చ్ అక్కర్లేదా? కావాలి. కానీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి కాదు.

మన సంగతి చూడండి. రీసెర్చ్‌లో మనం ఎప్పట్నుంచో ఉన్నాం, టేబుల్‌కి అటువైపు. మన దేశంలో సికిల్ సెల్‌ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి ఆదివాసుల రక్తంలో. లేమన్, కట్‌బుష్ అని శాస్త్రవేత్తల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. రక్తం ఇచ్చినవాళ్లకి పేర్లు లేవు, తెగ పేరే ఉంది. 1987లో కేరళ అగస్త్యమలై కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపించినవాళ్లు కాణి ఆదివాసులు. ఎంత నడిచినా వీళ్లు అలిసిపోవట్లేదేంటని చూస్తే, ఏవో చిన్న కాయలు నములుతున్నారు. బతిమాలి అడిగితే మొక్క చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. దాంతో 'జీవని' అని మందు తయారైంది, లైసెన్సు 10 లక్షలకి ఇచ్చారు. ఆ డబ్బులో, రాయల్టీలో సగం కాణి వాళ్లకి అని నిర్ణయించారు. ప్రపంచమంతా ఆదర్శం అని మెచ్చుకుంది. నేనూ కాదనను, ఎక్కువచోట్ల అది కూడా దక్కదు. కానీ ఆ ల్యాబ్‌లో ఒక కాణి పిల్లాడు శాస్త్రవేత్తగా కూర్చుని ఉంటే, వాటా ఎంతన్నది మాట్లాడుకునే పద్ధతే వేరుగా ఉండేది.

అందుకే చెప్తున్నా, మీ ఊళ్లోనే మొదలుపెట్టండి. మన అమ్మమ్మలు విత్తనాన్ని ఆనపకాయ బుర్రలో, బూడిద కలిపి దాస్తారు. ఇప్పుడు ప్లాస్టిక్ సంచులొచ్చాయి. ఒకే చేనులో కోసిన చోళ్లని రెండు రకాలుగానూ దాచండి. ఆర్నెల్ల తర్వాత అందులో వంద, ఇందులో వంద గింజలు తీసి తడిగుడ్డలో కట్టండి. ఏ రోజు ఎన్ని మొలకెత్తాయో రాయండి. మూడుసార్లు చేయండి. అమ్మమ్మ పద్ధతి ఓడిపోతే ఓడిపోయిందనే రాయండి, మనది కదా అని అంకెలు మార్చొద్దు. దీనికి కావల్సింది ఒక నోటుబుక్కు. ఇంట్లో చెల్లో తమ్ముడో హైస్కూల్లో ఉంటే ఇన్‌స్పైర్ మనక్ గురించి సైన్సు టీచర్ని అడగమనండి. బడి నుంచి ఐదు ఆలోచనలు పంపొచ్చు, ఎంపికైతే 10,000 రూపాయలు వస్తాయి.

ఇంట్లో మాత్రం నర్సింగ్ చెయ్యి, డీఎస్సీ రాయి అంటారు. పోడు మీద బతికే ఇంటికి నెలజీతం అంటే ఏంటో నాకు చెప్పక్కర్లేదు, వాళ్ల మాట తీసెయ్యొద్దు. పీహెచ్‌డీకి వెళ్తే కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 మంది ఎస్టీలకి ఫెలోషిప్ ఇస్తుందని, అదీ నెలనెలా వచ్చే డబ్బేనని అమ్మానాన్నలకి కూర్చోబెట్టి చెప్పండి.

సంఘం వాళ్లకి ఒక పని. ఈ నెలలోనే మీ మండలంలో ఉన్న ప్రతి జూనియర్ కాలేజీకి, గురుకులానికి వెళ్లండి. ఐఏటీ, నెస్ట్ వివరాలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. సెకండియర్ పిల్లల్లో కేంద్రం ఫార్మాట్ సర్టిఫికెట్ ఎంతమందికి ఉందో లెక్క తీసి, లేనివాళ్ల దరఖాస్తులు సంక్రాంతి లోపు పెట్టించండి.