యాంప్లిఫయర్ కొనేముందు ఒక్కసారి వినండి

మా కారు తలుపులకి లోపల బ్యూటైల్ షీట్లు అతికించి, స్పీకర్లకి కొత్త వైర్లు వేయించాం. టైర్ల హోరు తగ్గింది, నిజమే. పాట మాత్రం పలచబడింది. ఘంటసాల గారి గొంతు డాష్‌బోర్డు మధ్యలోంచి రాకుండా ఎటో చెదిరిపోయింది. మృదంగం మీద ఎడమచేతి దెబ్బ వినపడనే లేదు. షాపతను "యాంప్లిఫయర్ మార్చాలి మేడమ్" అన్నాడు. మనం ఒక్కళ్ళమే వెళ్తే ఈ మాట ఇంకాస్త తొందరగా వస్తుంది, గమనించారా?

డబ్బు తీసేముందు స్టీరియోలో ఫేడర్ ముందుకి పెట్టి, బ్యాలన్స్ పూర్తిగా ఎడమకి, తర్వాత కుడికి జరిపి వినండి. ఏ వైపుకి ఆ వైపు విడిగా బాగుండి, రెండూ కలిసినప్పుడే బేస్ మాయమవుతోందంటే, చాలావరకు ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తారుమారై ఉంటాయి. ఒకటి గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటలో బేస్ కొట్టుకుపోతుంది. మాకూ అదే. కుడి తలుపులో రెండు వైర్లు అటుదిటు మార్చగానే మృదంగం తిరిగొచ్చింది, పైసా ఖర్చు లేకుండా. విడిగా కొనే స్టీరియోల్లో మామూలుగా నల్లగీత ఉన్న వైరు మైనస్. కారుతో వచ్చిన వైర్ల రంగులు వేరు, వాటిని చూసి ఊహించకండి.

షీట్ల పాపం ఇందులో తక్కువే. రేకు అదురు ఆగాక పాత "ధన్ ధన్" కొంత తగ్గుతుంది. దాన్నే ఇన్నాళ్ళూ బేస్ అనుకుని ఉంటాం! షీట్ల విషయంలో చూడాల్సింది తలుపు అడుగున ఉండే రంధ్రాలు. అద్దం పక్కనుంచి దిగిన వాననీళ్ళకి అదే దారి; అవి మూసుకుపోతే తుప్పే. కారు కడిగిన రోజు తలుపు మెల్లగా ఊపి, లోపల నీళ్ళ చప్పుడు వస్తోందేమో వినండి.