బరువు లారీది, భారం పల్లె రోడ్డుది

సరుకు లారీల బరువు పరిమితిని కేంద్ర రహదారి రవాణా శాఖ 2018 జులైలో పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుపై అనుమతించే భారం 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు, రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు చేరింది. రవాణా ఖర్చు తగ్గించడమే దీని ఉద్దేశం.

అయితే రోడ్డుకు జరిగే నష్టం బరువుకు తగిన నిష్పత్తిలోనే పెరగదు. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయ్‌లో మొదలైన ప్రయోగాల ప్రకారం అది ఇరుసు భారానికి దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఆ లెక్కన ఇరుసుపై 13 శాతం అదనపు బరువుతో నష్టం 60 శాతం మేర ఎక్కువవుతుంది. ట్రిప్పులు తగ్గుతాయన్న వాదన నిజమే అయినా, ఆ తగ్గుదల ఈ నష్టాన్ని పూడ్చలేదు.

పటిష్ఠమైన జాతీయ రహదారులు ఈ భారాన్ని కొంతవరకు తట్టుకుంటాయి. కానీ లారీ ప్రయాణం క్వారీ వద్దో, ఇసుక రేవు వద్దో పల్లె రోడ్డుపైనే మొదలవుతుంది. తక్కువ రాకపోకల కోసం వేసిన ఆ రోడ్డు గుంతలు పడితే బడి పిల్లలు, అంబులెన్సులు, రైతుల బండ్లు ఇబ్బంది పడతాయి.

2019 చట్ట సవరణ అధిక లోడుకు 20 వేల రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2 వేలు నిర్ణయించింది. ఆ సొమ్ము ఖజానాకు చేరుతుంది. మరమ్మతు కోసం ఊరు ఎదురుచూస్తుంది. సరుకు ఎక్కించే చోటే కాటా వేయడం, 2015 చట్టంతో వచ్చిన జిల్లా ఖనిజ నిధుల నుంచి ఈ రోడ్లకు వాటా కేటాయించడం తక్షణ అవసరాలు.