వృత్తిని విచారింపని వైద్యము

రోగిని వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలలో ‘నీవు చేయు పని యెయ్యది?’ యనునదియు నొకటి యని ఇటలీదేశీయుడగు రామజ్జీని పండితుడు 1700లో బోధించెను. మూడు శతాబ్దములు గడచినను ఆ ప్రశ్నకు మన ఆసుపత్రులలో తగిన స్థానము లభింపలేదు. పేరు, వయస్సు, గ్రామము వ్రాసికొందురు. వృత్తియొద్ద తరచుగ ‘కూలి’ యను నొక్క మాటతో సరిపెట్టుదురు. ఏ కూలి? ఎచ్చట? ఎన్ని యేండ్లు?

ఈ యుపేక్ష యెంతటి యనర్థకమో మూత్రపిండపు రాచపుండు తెలుపుచున్నది. తొలుత నది నొప్పి పుట్టింపదు. మూత్రమున రక్తము కనబడునప్పటికి పలువురికి ముదిరియే యుండును.

లోహపు సామానులపై జిడ్డు వదల్చుటకు కర్మాగారములలో వాడబడుచు వచ్చిన ద్రవము ట్రైక్లోరోఎథిలీను. దాని యావిరి పీల్చినవానికి తల తిరుగును, కొంతసేపటికి దిగిపోవును, కార్మికుడు మరచిపోవును. అట్టి పనిచేసి ఈ రోగము తగిలిన 44గురి కణితులను జర్మనీలో పరీక్షించి 1999లో ఫలితములు ప్రకటించిరి. 33గురిలో, కణముల పెరుగుదలను అదుపున నుంచు వి.హెచ్.ఎల్. అను జన్యువు చెడియుండెను. ఆవిరి యధికముగ సోకినవారిలో ఆ చెడుగు పలుచోట్ల కానవచ్చెను. ఫ్రాన్సులో పిదప జరిగిన పరిశోధనలో ఈ గురుతు కానరాలేదు గాన, గురుతును గూర్చిన వాదము తీరలేదు. ద్రవమును గూర్చిన వాదము తీరినది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1995లో దానిని బహుశః కారకమనెను. 2012లో నిశ్చయముగ కారకమనెను. ఆ నడుమ 17 సంవత్సరములు జిడ్డు తుడిచిన చేతులకు లెక్క చెప్పువా రెవ్వరు? అమెరికాలో నిషేధపు టుత్తరువు వెలువడినది 2024 డిసెంబరులో!

వృత్తిరోగములకు పరిహార మిప్పించు సూత్రము మన దేశమున 1923 నాటి చట్టమునందే చేరినది. సూత్ర మున్ననేమి? రోగము బయటపడునాటికి కార్మికు డా పని మాని ఏండ్లు గడచియుండును, కర్మాగారము చేతులు మారియుండును, కంట్రాక్టరు పేరైనను జ్ఞప్తియుండదు. అప్పుడు పనికిని రోగమునకును గల సంబంధమును నిరూపింపుమని వానిని కోరుట, బావిలో త్రోసి త్రాడు తెచ్చుకొమ్మనుట వంటిది.

ఏ పొలమున నేయేట ఏ పైరు వేసిరో అడంగలున వ్రాసికొను ప్రభుత్వమునకు, ఏ మనుష్యు డేయేట ఏ ద్రవముతో పనిచేసెనో వ్రాసికొనుట అసాధ్యమని మేము నమ్మజాలము. క్యాన్సరు ఆసుపత్రులు ప్రతి రోగి చేసిన పనులన్నిటిని వరుసగ నమోదు చేయవలెను. కర్మాగారము మూతబడినను దాని లెక్కలు ప్రభుత్వమువద్ద నిలువవలెను. ఇక డబ్బాలపై ఆ ద్రవముయొక్క పేరును, దాని కీడును తెలుగున ముద్రించుటకు ఏ చట్టము కొరకును వేచియుండ నక్కరలేదు.