ఖనిజం మనది, షరతులు ఎవరివి?

ఉత్తరాంధ్రలో ఖనిజ సంపద ప్రధానంగా మూడు చోట్ల ఉంది. విజయనగరం జిల్లా మెట్ట నేలల్లో మాంగనీసు, భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం తీరం పొడవునా నల్ల ఇసుక, తూర్పు కనుమల కొండ నెత్తుల మీద బాక్సైటు ఉన్నాయి. ఈ మూడింటి కోసమూ వేర్వేరు కాలాల్లో పరాయి దేశాల పెట్టుబడి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ రెండే మాటలు వినిపించాయి. పెట్టుబడి లేనిదే అభివృద్ధి లేదని ఒక వర్గం, ఉన్న సంపద ఓడలెక్కి పోతుందని మరో వర్గం వాదించాయి. నూట ముప్పయ్యేళ్ళ అనుభవాన్ని వరసగా చూస్తే అసలు చిక్కు ఈ రెండు మాటలకూ అవతల ఉందని తెలుస్తుంది.

భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ ప్రాంతంలోనే. 1890ల తొలినాళ్ళలో బ్రిటిష్ సంస్థ విజయనగరం మైనింగ్ కంపెనీ రామతీర్థానికి ఉత్తరాన కోడూరు, గర్భాం పరిసరాల్లో గనులు తెరిచింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఫెర్మార్ దేశంలోని మాంగనీసు నిక్షేపాలపై 1909లో బృహద్గ్రంథం వెలువరించారు. ఇక్కడి ఒక రకం శిలకు ఆయన పెట్టిన ‘కోడూరైట్’ అనే పేరు శాస్త్ర గ్రంథాల్లో నిలిచిపోయింది. ఉక్కు తయారీకి మాంగనీసు తప్పనిసరి. అయితే తవ్వకం మొదలైన నాటికి దేశంలో చెప్పుకోదగ్గ ఉక్కు పరిశ్రమ లేదు. అందువల్ల ముడి ఖనిజం ముడి ఖనిజంగానే యూరప్ మిల్లులకు వెళ్ళింది. తర్వాత వచ్చిన రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది, విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైంది. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడం ఆ రేవు నిర్మాణానికి ఒక ముఖ్య కారణం. మౌలిక వసతులు వచ్చిన మాట నిజమే కాని, అవి గని నుంచి ఓడకు దారి వేశాయి తప్ప గని పక్కన కర్మాగారాన్ని నిలపలేదు.

ఆ పని స్వాతంత్ర్యం తర్వాత జరిగింది. 1950లలో గరివిడి దగ్గర ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ ఫెర్రోమాంగనీసు తయారీ చేపట్టింది. ఖనిజాన్ని స్థానికంగా శుద్ధి చేసి విలువ పెంచే ఆ పని స్వదేశీ పెట్టుబడితో సాధ్యమైంది. అలాగని యాజమాన్యం దేశానిదైతే చాలు, అన్నీ సర్దుకుంటాయని అనుకోవడానికి వీల్లేదు. పొరుగు రాష్ట్రంలోని బైలడిలా ఇనుప ఖనిజమే అందుకు ఉదాహరణ. ఆ గని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్ఎండీసీది. జపాన్ ఉక్కు మిల్లులతో 1960లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికే విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. గని ప్రభుత్వానిదే అయినా దశాబ్దాల పాటు ముడి ఖనిజం జపాన్ చేరింది. అదే విశాఖలో సోవియట్ సహకారంతో కట్టిన విశాఖ ఉక్కు కర్మాగారానికి మాత్రం సొంత ఇనుప గని దక్కలేదు.

విదేశీ సహకారం అంటే యాజమాన్యం అప్పగించడమే కానక్కరలేదని పొరుగునే ఉన్న ఒడిశాలోని కొరాపుట్ జిల్లా చూపింది. 1981లో ఏర్పడిన నాల్కో ఫ్రాన్స్‌కు చెందిన పెషినీ సంస్థ సాంకేతిక పరిజ్ఞానం తీసుకుని దమన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారం కట్టింది. విద్య బయటి నుంచి వచ్చింది, గని ప్రభుత్వ రంగంలోనే ఉంది.

1991 తర్వాత ఈ చర్చకు చట్టపరమైన చట్రం మారింది. 1993 ఖనిజ విధానం అంతవరకు ప్రభుత్వ రంగానికే కేటాయించిన 13 ఖనిజాలను ప్రైవేటు రంగానికి తెరిచింది. తర్వాత దశలవారీగా గనుల్లో విదేశీ పెట్టుబడి పరిమితి నూటికి నూరు శాతానికి చేరింది. ఇందులో అధికారం మూడు చోట్ల పంచి ఉంటుంది. విదేశీ పెట్టుబడి విధానం కేంద్రానిది. లీజు ఇచ్చేది రాష్ట్రం, కొన్ని ఖనిజాలకు కేంద్రం ముందస్తు ఆమోదం తప్పనిసరి. మూడో చోటు గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతాలు, అక్కడ రాజ్యాంగం ఐదో షెడ్యూలు, 1970 భూ బదలాయింపు నిబంధన, 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం అడ్డుకట్టలుగా నిలుస్తాయి. వివాదాల్లో చాలా భాగం ఈ మూడు స్థాయిలూ ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్ల పుట్టినవే.

తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిలిమనైట్ ఉంటాయి. ఇల్మెనైట్ నుంచి రంగుల పరిశ్రమకు కావలసిన టైటానియం డయాక్సైడ్, విమానాల తయారీకి కావలసిన టైటానియం వస్తాయి. 1998లో అణుశక్తి శాఖ ఈ రంగంలోకి ప్రైవేటు పెట్టుబడిని అనుమతించింది. టైటానియం ఖనిజాల్లో విదేశీ పెట్టుబడికి కేంద్రం పెట్టిన షరతు గమనించదగింది. ముడి ఇసుకను వేరుచేసి అమ్ముకుంటే చాలదు, విలువ పెంచే కర్మాగారాలను దేశంలోనే నెలకొల్పాలి, సాంకేతిక పరిజ్ఞానాన్నీ బదిలీ చేయాలి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ప్రాంతంలో ట్రైమెక్స్ సంస్థ ఇసుక ఖనిజాల తవ్వకం చేపట్టింది. మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం ఖనిజాల తవ్వకానికి అనుమతుల కోసం అధికారులకు కనీసం 1.85 కోట్ల డాలర్ల లంచాలు ఇవ్వజూపారంటూ ఉక్రెయిన్ వ్యాపారి దిమిత్రో ఫిర్తాష్‌తో పాటు మరో ఐదుగురిపై అమెరికాలో నమోదైన అభియోగాలు 2014లో బయటపడ్డాయి. ఫిర్తాష్ వాటిని ఖండించారు. ఆ ప్రాజెక్టులో తవ్వకం మొదలు కాలేదు. తర్వాత కేంద్రం వెనక్కి తిరిగింది. 2018 ఆగస్టులో తీర ఇసుక ఖనిజాల ఎగుమతిని ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్ఈఎల్ ద్వారానే జరపాలని ఆదేశించింది. 2019లో ప్రైవేటు లీజుల రద్దుకు పూనుకుంది. తెరిచిన తలుపు ఇరవై ఏళ్ళకు మళ్ళీ మూసుకుంది.

అన్నిటికన్నా పెద్ద పాఠం బాక్సైటుది. అనంతగిరి మండలం బొర్రా పరిసర గ్రామాల గనుల కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. ప్రభుత్వ సంస్థ తవ్వుకోవచ్చని చెప్పింది. దాంతో మధ్యే మార్గం ఒకటి పుట్టింది. తవ్వేది రాష్ట్ర ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ, కొనుక్కునేది ప్రైవేటు కర్మాగారం. ఈ పద్ధతిలోనే 2005లో జిందాల్‌తో, 2007లో యూఏఈకి చెందిన రస్ అల్ ఖైమాతో రాష్ట్రం అవగాహనకు వచ్చింది. రస్ అల్ ఖైమా భాగస్వామిగా ఉన్న అన్‌రాక్ సంస్థ మాకవరపాలెం మండలంలో శుద్ధి కర్మాగారం కట్టింది. చింతపల్లి అడవుల్లోని జెర్రెల కొండల నుంచి దానికి ఖనిజం రావాలి. కొండ నెత్తిని తవ్వితే ఊటలు ఎండి కాఫీ, మిరియాల తోటలు, పోడు పోతాయని గిరిజనులు ఎదురు తిరిగారు. 2015 నవంబరులో తవ్వకానికి అటవీ భూమి అప్పగిస్తూ ఇచ్చిన 97వ నంబరు జీవోను నిరసనల వల్ల ప్రభుత్వం పక్కన పెట్టింది. 2019లో తవ్వకాల లీజులు రద్దయ్యాయి. ఈలోగా 2016 డిసెంబరులో రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ రెండు దేశాల పెట్టుబడి రక్షణ ఒప్పందాన్ని ఆసరా చేసుకుని సుమారు 4.4 కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ భారత్‌కు నోటీసు ఇచ్చింది. సంతకం రాష్ట్రానిది, జవాబుదారీ దేశానిది అయింది. 2024లో అమల్లోకి వచ్చిన కొత్త భారత్–యూఏఈ ఒప్పందం ప్రకారం పెట్టుబడిదారు అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళే ముందు మూడేళ్ళు స్థానిక న్యాయ మార్గాలు వాడుకోవాలి.

స్వదేశీ కంపెనీ అనుభవమూ భిన్నంగా లేదు. జిందాల్ కర్మాగారం కోసం శృంగవరపుకోట మండలంలో భూములు సేకరించారు. బాక్సైటు రాలేదు, అల్యూమినా కర్మాగారమూ రాలేదు. భూములిచ్చిన రైతులకు పొలమూ ఉద్యోగమూ రెండూ దక్కలేదు. ఒడిశాలోని నియమగిరిలో మాత్రం బాక్సైటు తవ్వకంపై 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలను అడిగారు. అన్నీ వద్దన్నాయి, వివాదం అక్కడితో ఒక దారికి వచ్చింది. అడగడానికి ముందే ఆ బాక్సైటు కోసం లాంజిగఢ్‌లో కర్మాగారం కట్టడం వల్ల నష్టం మాత్రం తప్పలేదు.

కాబట్టి పెట్టుబడి ఏ దేశానిదన్న ప్రశ్న ఒక్కదానితో ఈ చర్చ తేలదు. బ్రిటిష్ కంపెనీ చేతిలో మాంగనీసు, ప్రభుత్వ సంస్థ చేతిలో ఇనుప ఖనిజం రెండూ ముడిగానే ఓడలెక్కి వెళ్ళిపోయాయి. విదేశీ భాగస్వామి ఉన్న కర్మాగారం, స్వదేశీ కర్మాగారం ఒకే కారణంతో ఆగిపోయాయి. ముందు సంతకం, తర్వాత భూసేకరణ, చివరికి ప్రజల సమ్మతి అన్న వరసే ఆ కారణం. ఈ వరస తిరగబడాలి. గ్రామసభ తీర్మానం ముందు రావాలి. ఒప్పందం పూర్తి పాఠం తెలుగులో ప్రజల ముందుండాలి. శుద్ధి ఎక్కడ జరుగుతుందో, వివాదం వస్తే ఎవరు తీరుస్తారో, స్థానికులకు దక్కే వాటా ఎంతో అందులో రాసి ఉండాలి. ఆ షరతులకు ఒప్పుకునే పెట్టుబడి ఏ దేశానిదైనా రావచ్చు. ఒప్పుకోనిది స్వదేశీదైనా అక్కర్లేదు.