వాయువు ఒకరికి, పొగ మరియొకరికి

బొగ్గును ఓడలకెత్తి విదేశములకు పంపుట పాత వర్తకము. బొగ్గును గనిచెంతనే వాయువుగా మార్చి, ఆ వాయువును ద్రవముగా చేసి పంపుట క్రొత్త వర్తకము. 2022 జనవరి నెలాఖరున ఆస్ట్రేలియాలోని హేస్టింగ్సు రేవునుండి జపానులోని కోబె రేవునకు బయలుదేరిన ‘సుయిసో ఫ్రాంటియర్’ నౌక యిట్టి సరకును మోసినది. ద్రవరూపమున ఉదజని ఒక దేశమునుండి మరియొక దేశమునకు నౌకపై సముద్రము దాటుట లోకములో నదియే ప్రథమము. శుభ్రమైన ఇంధనమునకు ద్వారము తెరువబడినదని ఉభయదేశముల పెద్దలును కొనియాడిరి. ఆ శుభ్రత యెవరికి లభించినదో మేము విచారింపదలచితిమి.

విక్టోరియా రాష్ట్రమందలి లాట్రోబు లోయలో దొరకునది లిగ్నైటు. అందు సగమునకు పైగా నీరే. ఆరబెట్టినచో తనంత తానే అంటుకొను గుణము దానికి గలదు. కావున దూరదేశములకు పంప వీలులేక, స్థానిక విద్యుత్కేంద్రములకే అది మేతయైనది. 2017లో హేజెల్‌వుడ్ కేంద్రము మూతపడెను. ఆ లోయవారికి పని కావలెను. జపానుకు స్వదేశమున చమురు మిక్కిలి స్వల్పము. ఇరువురి అవసరములును నిజమైనవే. ఎవరినిగాని మోసగాండ్రని మే మనము.

అయినను లెక్క లెక్కయే. శుద్ధమైన బొగ్గును నీటియావిరితో మార్చినప్పుడు 1 టన్ను ఉదజనికి 11 టన్నుల బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఇది రసాయనశాస్త్రపు లెక్క. కొలిమికి కావలసిన వేడిమిని గూడ కలిపినచో సుమారు 20 టన్నులగును. పిమ్మట ఉదజనిని సున్నకు దిగువ 253 డిగ్రీలవరకు చల్లార్చవలెను. అందులకు దానియందున్న శక్తిలో మూడవవంతునకు సమానమైన శక్తి వ్యయమగును. అటుపైని సుమారు 9,000 కిలోమీటర్ల సముద్రయానము!

కోబెలో ఆ ఉదజని మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు రవ్వంతయు రాదు. జపాను ఖాతా నిర్మలము. లాట్రోబులో పుట్టిన పొగ మాత్రము అంతర్జాతీయ లెక్కల పద్ధతినిబట్టి ఆస్ట్రేలియా ఖాతాలోనే పడును. వ్యాపారదశ వచ్చినప్పుడు దానిని బాస్ జలసంధి అడుగున పూడ్చెదమని చెప్పిరి. ప్రయోగదశలో పూడ్చలేదు, అన్యత్ర పొగ తగ్గించినట్లు పత్రములు కొని సరిపెట్టిరి. పత్రము కొనుట పూడ్చుట యెట్లగును? ఈ ప్రయోగమునకు ఆస్ట్రేలియా, విక్టోరియా ప్రభుత్వములు చెరి 5 కోట్ల డాలర్ల ప్రజాధన మిచ్చినవి. 2023లో జపాను 22,000 కోట్ల యెన్నులు వాగ్దానము చేసెను. 2024 చివరకు, తదుపరి ప్రయోగమునకు వలయు ఉదజనిని స్వదేశముననే సేకరింతుమని కవాసాకి సంస్థవారు తెలిపిరి. లోయ మరల ఎదురుచూపులలో పడినది.

ఈ కథ మనకేల యని అడుగువా రుందురు. 2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చవలెనని భారత ప్రభుత్వము సంకల్పించి, 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల సహాయమును మంజూరు చేసినది. తెలుగువారి కీ విద్య క్రొత్తది కాదు. రామగుండమున 1980లో ఆరంభమైన ఎరువుల కర్మాగారము బొగ్గునుండియే అమోనియా చేసెడిది. అది 1999లో ఆగెను. 2021లో అచ్చటనే క్రొత్త కర్మాగారము పని మొదలిడినప్పుడు బొగ్గును విడిచి సహజవాయువును గ్రహించిరి. ఎందులకు విడిచిరో ఆ అనుభవమంతయు క్రొత్త కొలిములకు ధనమిచ్చుటకు ముందే ప్రజలయెదుట పెట్టవలెను.

మన పొలములకు వలయు అమోనియాను విదేశములనుండి తెప్పించుకొనుచున్నాము; మన బొగ్గు వాయువైనచో మొదట ఆ లోటు తీర్పవలెను. రేపు పరదేశపు వర్తకుడెవడైనను మన గనిచెంత వాయువు కొనవచ్చినచో, పొగను పూడ్చు ఖర్చు ధరలోనే చేర్చి ఒడంబడికలో వ్రాయవలెను. ఆ షరతు వానికి రుచింపనిచో వేరొకచోట కొనుక్కొనుగాక. సింగరేణి బొగ్గు మరికొంతకాలము భూగర్భముననే యున్నను పాడైపోవునది కాదు.